అక్కకు ఏమిష్టమో చెప్పండి

అక్క దినానికి రెండు రోజుల ముందు ఆమె కోడలు నాకు ఫోన్ చేసింది. ఏడ్చి ఏడ్చి పాపం గొంతు బొంగురుపోయి ఉంది.

"చిన్నమ్మా, దినం నాడు మా అత్తకు ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెట్టల్ల గదా. మా మామను అడిగితే నోరు తెరవడంల్యా. మా ఆయన్ను అడిగితే అమ్మకు అన్నీ ఇష్టమే అంటాండాడు. ఇన్నేండ్లు ఆమె చేతి కూడు తిన్యాను, ఆమెకు ఏమిష్టమో నాకు తెల్దు చిన్నమ్మా. మీరు దినామూ వాకింగ్‌లో కలిసి తిరిగినోళ్ళు. మీరే చెప్పండి."

"రాగిసంగటి, కోడి పులుసు?" అన్నాను.

"అవి మా మామకు ఇష్టం."

"తియ్యటి ఓలిగలు?"

"అవి మా పిల్లోల్లకు."

"చెనిక్కాయల చట్నీ?"

"అది లేకుండా మా అవ్వకు ముద్ద దిగదు. అందుకని చేస్తాండె."

నాకు నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. "ఆలోచించి చెప్తాలేమ్మా" అని ఫోన్ పెట్టేశాను. ఆలోచించడానికి నిజానికి ఏమీ లేదు. అక్కకు ఏమిష్టమో నాకు బాగా తెలుసు. చెప్పడమే కష్టం.

మా వైపు దినం నాడు పోయినవాళ్ళకు ఇష్టమైనవే పెట్టాలి. మనిషి కోరిక మిగుల్చుకొని పోకూడదని. తాగే అలవాటున్న మగవాళ్ళకైతే ఆకు పక్కన బ్రాందీ సీసా, బీడీ కట్ట, అగ్గిపెట్టె కూడా పెడతారు. ఎవరూ ఏమీ అనుకోరు. బతికినన్నాళ్ళూ 'మానుకో నాయనా' అని పోరిన కొడుకే ఆ రోజు అంగడికి పోయి మంచి రకం చూసి కొనుక్కొస్తాడు. ఆడవాళ్ళ ఆకు పక్కన మాత్రం వక్కాకు తప్ప ఇంకోటి నేను చూడలేదు.

అక్కకు వైన్ ఇష్టం. ఎర్రటిది, వగరుగా ఉండేది.

ఈ సంగతి తెలిసినవాళ్ళం ఆమెతో వాకింగ్ చేసే నలుగురమే. మా ఇళ్ళలో అందరూ ఆమె అది రుచి చూసిన ఆ శని, ఆదివారాలు మేము గుడికి పోయి వచ్చామనే నమ్ముతున్నారు. ఇప్పుడు చెబితే బంధువులంతా కూడిన చోట, పోయిన మనిషిని పట్టుకొని తాగిందట అంటారు. మా నలుగురికీ ఇక గడప దాటే యోగం ఉండదు. చెప్పకపోతే, ఆమె జీవితంలో నోరు తెరిచి తనకోసమని మెచ్చుకున్న ఒకే ఒక్కటి ఆమె ఆకు దగ్గర ఉండదు. ఆ రెండు రోజులూ నాకు అన్నం సయించలేదు.

అక్క నా తోడబుట్టింది కాదు, వాకింగ్‌లో మా అందరికీ అక్క. పొడగరి. నడిస్తే మేము వెనక పరుగెత్తాలి. కొత్తచెరువు నుంచి పుట్టపర్తి పోయే రోడ్డు మీద పొద్దున్నే మా వాకింగ్. ఆమె కొడుకు ఖరీదైన బూట్లు కొనిచ్చాడు గానీ వాకింగ్‌కు అవి వేసుకునేది కాదు. రబ్బరు చెప్పులతోనే నడిచేది. బూట్లు పెళ్ళిళ్ళకు వేసుకునేది. పట్టుచీర కింద తెల్ల బూట్లతో ఆమె పెళ్ళి పందిట్లోకి నడిచి వస్తుంటే పెళ్ళికూతురు కూడా తలెత్తి చూసేది.

దారిలో ఉన్న బోర్డులన్నీ పైకి చదివేది. డాక్టరు బోర్డు, సిమెంటు అంగడి బోర్డు, 'ఇచ్చట మూత్రము పోయరాదు' కూడా. చదివి ప్రతిదానికీ ఒక తీర్పు చెప్పేది. "ఈయప్ప డాక్టరయినాక బోర్డు రాయించినాడా, బోర్డు రాయించినాక డాక్టరయినాడా?" అని ఒక రోజు ఆ డాక్టరు గేటు తీస్తుండగానే అడిగింది. ఆయన మాకు నమస్కారం పెట్టి లోపలికి పోయాడు.

నడుము మీద ఒక చెయ్యి వేసి, గడ్డం కొంచెం పైకెత్తి, "ఏమప్పా, మనం చూడగూడదా?" అందంటే మాకు ఆ రోజు ఏదో ఒకటి తప్పదని అర్థం. అలా ఆమె మమ్మల్ని విమానం దిగేది చూడడానికి పుట్టపర్తి విమానాశ్రయం గోడ దగ్గర నిలబెట్టింది. కొత్త కలెక్టరాఫీసు చూడడానికి తీసుకుపోయి, ఎవరిని చూడాలమ్మా అని బంట్రోతు అడిగితే, "ఎవరినీ వద్దు నాయనా, ఆఫీసునే చూస్తాం" అంది. ఆశ్రమానికి వచ్చిన ఒక విదేశీ ముసలామె రోడ్డు పక్కన కూర్చుని స్వెటరు అల్లుతుంటే పక్కన చతికిలబడి సగం స్వెటరు తాను అల్లి వచ్చింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. ఇద్దరూ ఆగకుండా మాట్లాడుకున్నారు.

ఇంకో అలవాటు ఉంది ఆమెకు. ఏదైనా రుచిగా ఉంటే ఒక్క ముక్క నోట్లో వేసుకుని, కళ్ళు సగం మూసి, "ఇది మా ఆయనకు బాగుంటాది" అనేది. లేదంటే "పిల్లోల్లకు బాగుంటాది". మిగిలింది కాగితంలో చుట్టి సంచిలో వేసుకునేది. ఆమె పుట్టినరోజుకు నేను తెచ్చిన కేకు కూడా ఆమె నోట్లో పడింది వేలెడంతే. మిగతాదంతా ఆ సంచిలోకి పోయింది.

ఇల్లు కొత్తచెరువులోనే అయినా వాళ్ళ చేన్లు నల్లమాడ దగ్గర. వాన పడితే చెనిక్కాయ, పడకపోతే రాజకీయం. బావ ఒకప్పుడు సర్పంచి. ఇంటి ముందు ఎప్పుడూ తెల్ల చొక్కాల మనుషులు ఉండేవాళ్ళు. ఎంతమంది అని అడగకుండా ఆమె వండిపెట్టేది. బావకు ఊరంతటితో మాటలు, ఇంట్లో మాత్రం మౌనం. ఇక ఆమె అత్తగారు. మేమంతా అవ్వ అంటాం. చిన్న రోట్లో వక్కాకు దంచుకుంటూ నడవలో మంచం మీద కూర్చుని ఇల్లంతా నడుపుతుంది. కలెక్టరాఫీసుకు జంకని అక్క ఆ రోలు చప్పుడు వినపడితే చాలు, గొంతు తగ్గించేది.

ఆ ప్రయాణం సంగతికొస్తే, అది నిర్మల పుణ్యం. నిర్మల బ్యాంకులో పని చేస్తుంది, మా అందరిలో చిన్నది. ఒక రోజు నడుస్తూ నడుస్తూ ఫోన్ చూపించింది. కర్ణాటకలో నంది కొండ కింద ఒక ద్రాక్షతోట. శనివారం పోతే ఆదివారం రావచ్చు. తోట చూపిస్తారు, కొత్త రకం కళల ప్రదర్శన చూపిస్తారు, వైన్ రుచి చూపిస్తారు.

"వైనా!" అని సుబ్బలక్ష్మి ఆగిపోయింది. ధర్మవరం పట్టుచీరల వ్యాపారి భార్య ఆమె. భయపడడానికి పెద్ద కారణం అక్కర్లేదు ఆమెకు. "మా ఆయనకు తెలిస్తే చంపుతాడు."

"మీ ఆయన తాగడా?" అంది అక్క.

"తాగుతాడు."

"మళ్ళ? ఏమప్పా, మనం చూడగూడదా?"

షమీమ్‌కు టైలరింగ్ అంగడి ఉంది, బండి నడపడం వచ్చు. "నేను తాగనక్కా. బండి మాత్రం తోలుతా" అంది. దాంతో మాకు డ్రైవరు సమస్య తీరింది.

ఇళ్ళలో ఏం చెప్పాలో కూడా అక్కే నేర్పింది. "నంది కొండ కింద గుడి ఉండాది గదా, గుడికి పోతాండామని చెప్పండి. పోతాం గూడా. గుడి నుంచి యాడికి పోతారని వాళ్ళు అడిగితే అప్పుడు చూద్దాం." ఎవరూ అడగలేదు. మా అత్తగారైతే నూటపదహార్లు హుండీలో వేయమని ఇచ్చింది. అక్క ప్రతి ఇంటికీ వచ్చి, "నాది పూచీ. మీ మనిషిని ఎట్ల తీసుకపోతానో అట్ల తెచ్చి అప్పగిస్తా" అని చెప్పింది. ఆమె మాట మీదే అందరూ మమ్మల్ని వదిలారు.

శనివారం పొద్దున గుడిలో దర్శనం నిజంగానే చేసుకున్నాం. అందరికంటే ఎక్కువసేపు సుబ్బలక్ష్మి మొక్కింది. ముందుగానే క్షమించమని కోరుకుంటూ ఉందని షమీమ్ అంది. మేము కొబ్బరికాయ కొట్టి, ప్రసాదం కట్టించుకుని, బొట్లు కూడా చెరపకుండా నేరుగా ద్రాక్షతోటకు పోయాం.

తోట గేటు దగ్గర అక్క దిగి ముందు ఒక కాయ తెంపి నోట్లో వేసుకుంది, వెంటనే మొహం వంకర పెట్టింది. "పుల్లగుండాయి. తినేకి పనికి రావు, అందుకే పిండి తాగుతాండారు" అని తోట చూపించడానికి వచ్చిన పిల్లోడికి వివరించింది. ఇవి వైన్ కోసమే పెంచే రకమని అతను చెప్పబోయాడు. "అదేలే నాయనా, ఇంగ కొంచెం నీళ్ళు కట్టండి" అని అతని భుజం తట్టింది.

ప్రదర్శన ఒక పెద్ద షెడ్డులో ఉంది. మొదట ఒక గోడ నిండా పాత తాళాలు వేలాడుతున్నాయి. ఒక్కదానికీ తాళంచెవి లేదు. "ఇట్లాంటివి మా ఇంట్లో పెట్టెడు ఉండాయి" అంది అక్క, మెచ్చుకోలుగానే. తర్వాత ఒక టీవీ. అందులో ఒకాయన నిద్రపోతున్నాడు. ఊరికే నిద్రపోతున్నాడు, అంతే. అక్క దాని ముందు చాలాసేపు నిలబడింది. మేము పోదాం రమ్మంటే నోటి మీద వేలు పెట్టి, "ఉండప్పా, ల్యాస్తాడేమో చూద్దాం" అని గుసగుసగా అంది. నిర్మల నవ్వు ఆపుకోలేక బయటికి పరుగెత్తింది.

అసలు కథ ఆ పక్క గదిలో జరిగింది.

ఆ గదిలో ఒక కొళాయి. దాని నుంచి సన్నగా నీళ్ళు పడుతున్నాయి. కింద ఒక ప్లాస్టిక్ బిందె, నిండి పొర్లుతోంది. దాని వెనక వరసగా రంగురంగుల బిందెలు, గది చివరిదాకా, అన్నీ ఖాళీ. మొదటి బిందె పొర్లిన నీళ్ళు ఒక సన్న కాలవలో పడి ఎక్కడికో పోతున్నాయి.

అక్క చూసింది. గోడ మీద రాసింది చదవలేదు. ఆమె బోర్డు చదవకపోవడం నేను చూసిన మొదటిసారి అదే. చీర కుచ్చిళ్ళు పైకి దోపి, "ఓరి నాయనో, నిండిపాయ!" అంటూ పోయి మొదటి బిందె పక్కకు జరిపి రెండోది కొళాయి కింద పెట్టింది.

తర్వాత ఏం జరిగిందో చెబితే నమ్మరు. నేను ఎమ్మే చదివిన టీచరును. నిర్మల బ్యాంకు ఆఫీసరు. మాలో ఒక్కరు కూడా 'ఇది కళ కదా' అనుకోలేదు. వీధిలోకి నీళ్ళ ట్యాంకరు వచ్చినప్పుడు చేతులు ఎలా వాటంతట అవే కదులుతాయో అలా కదిలాయి. నేను ఖాళీ బిందె అందిస్తున్నాను, అక్క కొళాయి కింద పెడుతోంది, షమీమ్ నిండింది లాగుతోంది, నిర్మల గోడవారగా సర్దుతోంది. చీరకు తడి తగలకుండా సుబ్బలక్ష్మి దూరంగా నిలబడి, "నా ఆకుపచ్చ బిందె ముందర, నా ఆకుపచ్చది!" అని అరుస్తోంది. ఆ బిందె ఆమెది ఎలా అయిందో ఇప్పటికీ నాకు తెలియదు. కొళాయి సన్నగా వస్తోందని అక్క దాన్ని పూర్తిగా తిప్పింది కూడా.

వరసలో సగం బిందెలు నిండాక, ఒక ఉద్యోగి పరుగెత్తుకుంటూ వచ్చి ఇంగ్లీషులో కేకలు వేశాడు. అతని వెనక జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఒక అమ్మాయి వచ్చింది. ఆ బిందెల పని ఆమెదేనట. మొదటిది ఎప్పటికీ పొర్లుతూ ఉండాలి, మిగిలినవి ఎప్పటికీ ఖాళీగా ఉండాలి, అదీ సంగతి. ఆమె నిండిన బిందెలను చూసి, మమ్మల్ని చూసి, తల పట్టుకుని అక్కడే కూర్చుంది. సాయంకాలం పెద్ద పెద్దవాళ్ళు చూడడానికి వస్తున్నారట.

ఆ అమ్మాయి మొహం చూసి అక్క గుండె కరిగిపోయింది. పక్కన కూర్చుని వచ్చీరాని కన్నడంలో, తప్పు మాదేనని, క్షణంలో ఎట్లున్నది అట్ల చేస్తామని చెప్పింది. నీళ్ళు ఈ కాలవలో పారబోయండి చాలు అంది ఆ అమ్మాయి. అక్క ఒక బిందె ఎత్తింది. కాలవ దాకా పోయింది. బిందె వంచబోయి ఆగింది. మళ్ళీ వంచబోయింది. మళ్ళీ ఆగింది.

"నాతో కాదు తల్లీ" అంది. "ఇంగేమన్నా చెప్పు, చేస్తా. నిండిన బిందె కింద పోయమనొద్దు."

చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. మేము బిందెలు చంకనెత్తుకుని గేటు దగ్గర ఉన్న పూలమొక్కలకు మోయాలి. మోశాం. వైన్ తాగడానికి బెంగళూరు నుంచి కార్లలో దిగుతున్న జంటలు దారి ఇచ్చి మరీ నిలబడ్డారు. ఇదీ ప్రదర్శనలో భాగమనుకుని ఒకాయన చప్పట్లు కొట్టాడు. ఆ అమ్మాయి కూడా ఏడుపు మాని నవ్వుతూ ఫోన్ తీసింది. "ఫోటో వద్దు తల్లీ, ఇంట్లో గుడికి పోయినామని చెప్పినాం" అని అక్క బిందె అడ్డం పెట్టుకుంది. ఒక ఎర్ర బిందె, దాని కింద అక్క రబ్బరు చెప్పులు, అంతే పడింది ఆ ఫోటోలో. ఆ అమ్మాయి దాన్ని నాకు పంపింది. ఆ రోజు అక్క ఫోటో నా దగ్గర ఉన్నది అదొక్కటే.

తడిసిన చీరలతోనే వైన్ గదిలోకి పోయాం. తోట చూపించిన పిల్లోడే అక్కడ కూడా. గ్లాసు కాడ పట్టుకుని తిప్పాలి, వాసన చూడాలి, కొంచెం నోట్లో పోసుకుని పుక్కిలించాలి, ఇష్టం లేకపోతే ఈ బకెట్లో ఉమ్మేయవచ్చు అని నేర్పాడు.

"పుక్కిలించి ఉమ్మేకయితే మా ఇంట్లో ఉప్పునీళ్ళు ల్యావా?" అంది అక్క.

నంజుకోవడానికి జున్ను ముక్కల్లాంటివి పెట్టారు. అక్క సంచి తెరిచి ఉడకబెట్టిన చెనిక్కాయలు తీసి బల్ల మీద కుప్ప పోసింది. పక్క బల్ల వాళ్ళు తొంగి చూశారు. వాళ్ళకూ దోసెడు పెట్టింది. కాసేపటికి ఆ గదంతా పొట్టే.

తెల్లరంగుది తాగి సుబ్బలక్ష్మికి వెక్కిళ్ళు పట్టుకున్నాయి. ఒక్కో వెక్కిలికీ "గోవిందా" అనేది. నిర్మల బల్ల మీద తల పెట్టి నవ్వింది. నేను ఎందుకు నవ్వుతున్నానో నాకే తెలియలేదు. ద్రాక్షరసం తాగిన షమీమ్ మా అందరికంటే ఎక్కువ నవ్వింది.

ఎర్రటిది వచ్చింది. అక్క దాన్ని తిప్పలేదు, వాసన చూడలేదు. గ్లాసును రెండు చేతులతో పట్టుకుని ఒక గుక్క తాగింది. ఒక కన్ను మూసుకుంది. ఇంకో గుక్క తాగింది. మేము ఏదో ఒక తీర్పు వస్తుందని ఎదురుచూస్తున్నాం. 'మా ఆయనకు బాగుంటాది' అంటే పడీపడీ నవ్వడానికి సిద్ధంగా ఉన్నాం.

"ఇది నాకు బాగుండాది" అంది.

అన్నాక తనకే ఆశ్చర్యమేసినట్లు మా వైపు చూసి నవ్వింది. సిగ్గుపడుతూ, చిన్నపిల్లలా. ఆ గ్లాసులో మిగిలింది ఎవరికీ ఇవ్వలేదు. సంచిలో కట్టుకుపోయే వీలూ లేదు. నిదానంగా, పొద్దు వాలిన తోటను చూసుకుంటూ, అంతా తానే తాగింది. అంత సంతోషంగా ఉన్న ఆమెను నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

మర్నాడు తిరిగొచ్చేటప్పుడు బండిలో ప్రతి మైలురాయికీ ఎవరో ఒకరు ఒకటి గుర్తుచేయడం, అందరూ మళ్ళీ నవ్వు మొదలుపెట్టడం. గోరంట్ల దాటాక అక్క, "ఇంగ చాలు, మొకాలు సర్దుకోండి, భక్తిగా పెట్టండి" అని హుకుం జారీ చేసింది. ఆమె ఇంటి దగ్గర దించినప్పుడు అవ్వ రోలు ఆపి అడిగింది: "దర్శనం బాగా అయిందా?"

"బాగా అయింది అత్తా" అంది అక్క తల వంచుకుని. "రద్దీ లేదు."

మేము బండిలో కొంగులు నోట్లో కుక్కుకున్నాం.

ఆ తర్వాత ఏడాది తిరగకుండానే ఒక రోజు పొద్దున ఆమె వాకింగ్‌కు రాలేదు. నిద్రలోనే పోయిందన్నారు. మేము నలుగురం కొన్నాళ్ళు ఆ రోడ్డు మీదికి పోలేకపోయాం.

కోడలి ఫోన్ గురించి మిగతా ముగ్గురికీ చెప్పాను. సుబ్బలక్ష్మి వెంటనే వద్దంది. నిర్మల ఏమీ తేల్చలేదు. షమీమ్ మాత్రం, "ముందు సీసా తెస్తా. పెట్టేదీ ల్యానిదీ ఆడ చూద్దాం" అని లేచింది. మన వైన్ షాపుల్లో బ్రాందీ, బీరు తప్ప వైన్ ఎక్కడిది? జన్మలో చుక్క ముట్టని మనిషి మళ్ళీ ఆ తోట దాకా బండి తోలుకుపోయి అదే ఎర్రటిది తెచ్చింది. దినం నాడు దాన్ని బండిలో సీటు కిందే పెట్టి లోపలికి పోయాం.

ఇంటి నిండా జనం. తెల్ల చొక్కాలన్నీ వచ్చాయి. సుబ్బలక్ష్మి భర్త కూడా ఉన్నాడు. అక్క ఫోటో ముందు ఆకు వేశారు. బావ పక్కనే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆమె పోయినప్పటి నుంచి ఆయన ఎవరితోనూ మాట్లాడలేదట. కోడలు ఒక్కొక్కటీ వడ్డించింది. సంగటి, కోడి పులుసు, ఓలిగలు, చట్నీ. అందరికీ ఇష్టమైనవన్నీ ఉన్నాయి అందులో. వడ్డించి నా వైపు తిరిగింది.

"ఇంగేమన్నా ఉండాదా చిన్నమ్మా?"

ఆ ఆకులో అక్క కోసమని ఒక్కటీ లేదు. భయం ఎటు పోయిందో పోయింది.

"వైన్ ఉండాది" అన్నాను. "అక్కకు వైన్ ఇష్టం."

"ఎవరికి? వదినకా?" అని వెనక ఎవరో అన్నారు. అవ్వ రోలు చప్పుడు ఆగింది.

"అదేందే?" అంది అవ్వ.

"ద్రాక్షపండ్లతో చేస్తారవ్వా. తాగేది. కొంచెం మత్తు ఉంటాది."

"యాడ తాగింది?"

"నంది కొండ కింద. గుడికి పోయినాం గదవ్వా, దర్శనం అయినాక."

"ఎవురెవురు తాగినారు?"

"నేను తాగినా" అన్నాను. బడిలో హాజరు పలికినట్లు వెనక నుంచి నిర్మల, "నేనూ అవ్వా" అంది. ఇక పలికేవాళ్ళు లేరనుకున్నాను. అంతలో సుబ్బలక్ష్మి, మొగుడి మొహం చూస్తూనే, "నేనూ తాగినా" అని గట్టిగా చెప్పింది. ఆయనకు నోట్లో వక్కాకు గొంతుకు అడ్డం పడింది. "నేను బండి తోలినా" అంది షమీమ్.

అవ్వ మమ్మల్ని నలుగురినీ చూసింది. తర్వాత ఫోటోను చూసింది.

"నలభై ఏండ్లు నా కండ్ల ముందర తిరిగింది" అంది. "నీకేమిష్టమే అని నేను ఒగనాడు గూడా అడగలా. మీరన్నా అడిగినారు. తెచ్చినారా మరి, ఉత్త చేతులతో వచ్చినారా?"

షమీమ్ అప్పటికే బండి దగ్గరికి పరుగెత్తింది.

సీసా వచ్చింది గానీ దానికి తిప్పే మూత లేదు. లోపలికంటా బెండు బిరడా. ఇక చూడాలి ఆ మగవాళ్ళ హడావుడి! క్షణం ముందు మా వైపు ఉరిమి చూసినవాళ్ళంతా సీసా చుట్టూ మూగారు. జీవితంలో ఎన్ని సీసాలు తెరిచి ఉంటారో లెక్కలేదు గానీ ఇలాంటిది ఒక్కరికీ తెలియదు. ఒకరు పళ్ళతో పట్టి లాగారు. ఒకరు కత్తి తెమ్మన్నారు. బోరు మెకానిక్ ఒకాయన మర చీల ఎక్కించి లాగితే చీల ఒక్కటే చేతికొచ్చింది. సుబ్బలక్ష్మి భర్త, "అట్ల కాదప్పా, వేడినీళ్ళు పొయ్యల్ల" అని సలహాలిస్తున్నాడు. కోడలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. అవ్వ మంచం మీద నుంచి అందరినీ చేతగానివాళ్ళని తిడుతోంది.

అప్పుడు బావ లేచాడు. వంటింట్లోకి పోయి పప్పుగుత్తి తెచ్చాడు. దాని కాడ బిరడా మీద ఆనించి ఒక్కసారి బలంగా నొక్కాడు. బిరడా సీసాలోకి పోయింది, వైన్ ఎగిసి ఆయన తెల్ల పంచె నిండా పడింది. ఆయన ఆ మరకలను చూసుకుని నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

ఆకు పక్కన స్టీలు గ్లాసు పెట్టి సీసా వంచాడు. సగానికి పైగా పోసి ఆగి, నా వైపు తిరిగాడు.

"ఇంత తాగుతాండెనా?" అన్నాడు.

నిజానికి ఆ రోజు అక్క తాగింది అందులో సగం కూడా ఉండదు.

"ఇంగ కొంచెం పొయ్యి బావా" అన్నాను.